పాత స్టీలు రేసు సైకిలు బాగు చేయించొచ్చా? ముందు సీటు పీకి చూడండి

అన్నా, మీరు అడిగింది ఇదీ కదా, చిత్తూరులో మీ మేనమామ 1980ల్లో తొక్కిన వంపు హ్యాండిల్ రేసు సైకిలు, పది గేర్లది, మేడ మీద గదిలో ఇరవై ఏళ్ళుగా పడుండాది, షాపాయన ఏడు వేలు అవుతుందన్నాడు, పెట్టొచ్చా లేక పాత సామాన్ల బండికి వేసేయాలా అని. నేను తిరుపతిలో ఇట్లాంటివి రెండు మీదేసుకున్నా. ఒకటి ఇప్పటికీ ఆదివారం ఆదివారం తొక్కతా ఉండా, ఇంకోటి నిలువునా ముంచింది. ముంచిందాని గురించే ముందు చెప్తా, అదే మీకు పనికొస్తుంది.

రేణిగుంట రోడ్డు పక్క పాత సామాన్ల అంగట్లో 900కి దొరికింది అది. నాకు ఆత్రం ఎక్కువ, విడదీసి చూడకుండానే తుప్పు గీకించి పౌడర్ కోటింగ్ వేయించేసినా, 1800 అయింది, మెరూన్ రంగు, చూస్తే కొత్త పెళ్ళికొడుకు మాదిరి ఉండె. ఇంటికొచ్చి సీటు ఎత్తుదామని బోల్టు లూజు చేస్తే సీటు కడ్డీ కదల్లేదు. నేను, మా తమ్ముడు, పక్కింటి పిల్లోడు ముగ్గురం మెలిపెట్టినా కదల్లేదు. లేత్ షాపుకు తీసుకుపోతే గ్యాస్‌తో కాల్చినారు, నా మెరూన్ రంగు బుడగలొచ్చి నల్లగా మాడిపోయింది. సరే అని పెడల్ ఇరుసు, అంటే రెండు పెడల్ చేతుల్నీ కలిపే నడిమి ఇరుసు, విప్పితే లోపలినుంచి కాఫీ డికాక్షన్ మాదిరి నీళ్ళు, తుప్పు పొడి. 2021 నవంబరు వానలకు తిరుపతి మునిగినప్పుడు అది యాడనో నీళ్ళలో రోజుల తరబడి నిలబడుంటుంది. వెనక చక్రానికి పోయే కింది గొట్టంలో గోరు పట్టేంత బొక్క. వెల్డింగ్ ఆయన చూసి, రేకు పల్చబడిపోయింది సామీ, ఇది పట్టదు అన్నాడు. మళ్ళీ అదే అంగడికి ఇనుము కింద తూకానికి వేసినా.

అందుకే రంగు మాట ఆఖర్న ఎత్తండి. మొదట సీటు కడ్డీ, ఆ తర్వాత హ్యాండిల్ కడ్డీ, ఈ రెండూ ఫ్రేములోంచి బయటికి వస్తాయా రావా చూడండి. రాకపోతే సైకిలు తలకిందులు పెట్టి, పెడల్ ఇరుసు విప్పేసి, ఆ బొక్కలోంచి సీటు గొట్టంలోకి డీజిలు గానీ తుప్పు వదిలించే స్ప్రే గానీ పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. కడ్డీ అల్యూమినియందైతే మాత్రం కాల్చనీయొద్దు, వేడికి స్టీలు కన్నా అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, ఇంకా బిగుసుకుంటుంది. వచ్చిందనుకోండి, లేత్ షాపులో వెర్నియర్ పెట్టి కడ్డీ వ్యాసం కొలిపించండి. 27.2 మిల్లీమీటర్లు వస్తే మీ మామకు మంచి టేస్టు ఉండాదని అర్థం, అది పల్చటి గోడ ఉన్న మంచి గొట్టం అయ్యుండొచ్చు (రెనాల్డ్స్ 531 లాంటి పేరున్న స్టీలు గొట్టాలకు ఎక్కువగా ఇదే సైజు). 25.4 వస్తే గోడ మామూలు మందం ఉన్న గొట్టం, బరువుగా ఉంటుంది కానీ గట్టిది. నాది 25.4దే, నాకేం బాధ లేదు.

ఫ్రేము వంకర చూసేదానికి పురికొస చాలు. వెనక చక్రం ఇరుసు కూర్చునే చోట ఒక పక్క కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్క అదే చోటుకి లాగి కట్టండి. నడిమి సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు వైపులా సమానం ఉండాల. రెండు మూడు మిల్లీమీటర్లు తేడా అయితే స్టీలు కాబట్టి వంచి సరిచేస్తారు. కానీ హ్యాండిల్ గొట్టం కింద, వాలుగా దిగే గొట్టం అడుగున వేలితో తడమండి, అక్కడ ఉబ్బు గానీ ముడత గానీ తగిలిందా, ఎప్పుడో దేన్నో గుద్దినాడు మీ మామ. ఆ ఫ్రేము మీద రూపాయి కూడా పెట్టొద్దు.

ఇంక టైర్ల కథ. దీంట్లో నేను పడిన తిప్పలు అంతా ఇంతా కాదు. రెండో సైకిలుకి టైరు మీద 27×1¼ అని ఉండె. మూడు షాపులు తిరిగినా, ఇద్దరు పాల సైకిలుకేసే 28×1½ చూపించినారు, మూడో ఆయన ధీమాగా 27.5 ఇచ్చి, అర ఇంచేగా అన్నా, గాలి కొడితే కూర్చుంటుంది అన్నాడు. ఇంటికి తెచ్చి రిమ్ము పక్కన పెట్టి చూస్తే టైరే చిన్నది! పేరులో 27.5 ఉన్నా అది కూర్చునే చోట రిమ్ము వ్యాసం 584 మిల్లీమీటర్లు, పాత 27 ఇంచులదేమో 630. ఈ లెక్క ఎవడు పెట్టినాడో గానీ వాడికి దండం. పాల సైకిలుది 635, అదీ పట్టదు. చివరికి చెన్నైలో పనుండి పోయినప్పుడు ప్యారిస్ కార్నర్ వైపు తిరిగి జత తెచ్చుకున్నా.

27 సైజు దొరక్కపోతే ఇప్పటి 700సీ చక్రాలు వేసుకోవచ్చు, వాటిది 622, అంటే రిమ్ము నాలుగు మిల్లీమీటర్లు కిందికి పోతుంది. మీ బ్రేకు చేతుల్లో షూ కిందికి జరిగేదానికి ఆ మాత్రం గాడి మిగిలుందా చూస్కోండి, లేకపోతే బ్రేకులు కూడా కొనాల. వెనక ఫోర్కు వెడల్పు పాతవాటికి 120 గానీ 126 గానీ మిల్లీమీటర్లు ఉంటుంది, తర్వాత వచ్చిన రిమ్ము బ్రేకుల రోడ్డు సైకిలు హబ్బు 130. దీన్నీ సాగదీస్తారు గానీ తెలిసినోడే చేయాల. నన్నడిగితే ఉన్న రిమ్ములు బాగుంటే వాటితోనే పోండి. అయస్కాంతం పెట్టి చూడండి, అతుక్కుంటే స్టీలు రిమ్ము, వానలో దానికి బ్రేకు పట్టదు, పట్టదంటే పట్టదు, కపిలతీర్థం రోడ్డులో నేను ఆటో వెనక దాకా జారిపోయి ఆగినా ఒకసారి.

పెడల్ చెయ్యికి కాటర్ పిన్ను (చేతిని ఇరుసుకు బిగించే ఇనుప మేకు) ఉంటే విప్పేటప్పుడు మీరూ దగ్గరుండండి. కింద ఇనుప గొట్టం ఆన్చకుండా సుత్తితో కొడితే ఆ దెబ్బ బేరింగు బాల్స్ మీద పడి అవి తిరిగే కప్పులు సొట్టలు పోతాయి. ఎడమ పెడల్ ఎదురు మర, అది కూడా విప్పేవాడికి చెప్పండి, మా వీధిలో పిల్లోడు బలంగా తిప్పి మర మొత్తం కోసేసినాడు.

గేర్లకు భయం లేదు, ఆ కాలం లివరు టిక్ టిక్ మని ఆగేది కాదు, జారుతూ పోయేది, కాబట్టి ఐదు పళ్ళచక్రాల ఫ్రీవీల్ ఏదొచ్చినా సర్దుకుంటుంది. తొక్కేటప్పుడు మాత్రం తెలుస్తుంది. నాది ముందు 52, 42 పళ్ళు, వెనక పెద్దది 24. చంద్రగిరి, శ్రీనివాసమంగాపురం దాకా గాల్లో పోయినట్టుంటుంది, భాకరాపేట ఘాటులో మటుకు దిగి తోసుకుంటూ ఎక్కినా. వెనక 28 పళ్ళది వేసినాక రవ్వంత నయం.

నా రెండో సైకిలుకి టైర్లు ట్యూబులు, చైను, ఫ్రీవీల్, బ్రేకు షూలు, వైర్లు, బాల్స్, చక్రాల ఔటు తీసే కూలి అంతా కలిపి 5,400 అయింది, రంగు వేయించలేదు, పాత రంగుకే మైనం పాలిష్ కొట్టినా. కొత్త రోడ్డు సైకిలు 25 వేలకు తక్కువ నాకు యాడా కనపళ్ళేదు. కాబట్టి మీ ఏడు వేలు అన్యాయమేం కాదు, కాకపోతే దాంట్లో రంగుకెంత, స్టిక్కర్లకెంత, చక్రాలకెంత అని విడివిడిగా రాసిమ్మనండి. రంగుకే మూడు వేలు పెట్టినాడంటే అది తీసేయమనండి, మిగతాది చేయించండి. ఒకవేళ తొక్కేది లేదు, మామ గుర్తుగా గోడకు తగిలించుకుంటాం అంటే ఇవేవీ అక్కర్లేదు, కిరసనాయిలు గుడ్డతో తుడిచి పెట్టుకోండి.

సీటు కడ్డీ వచ్చిందా లేదా, టైరు పక్కన ఏం సైజు రాసుందో చూసి చెప్పండి. టైరు మీద అక్షరాలు చెరిగిపోయుంటే రిమ్ము మీద గీసుండొచ్చు, మురికి తుడిచి చూడండి.