కరెంటాఫీసూ మనమే, మునిసిపాలిటీ మనమే

(కరెంటు తీగ, నీళ్ల గొట్టం రాని చోట మరికొన్ని కుటుంబాలతో కలిసి పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. అలాంటి బతుకు గురించి పాఠకులు అడిగిన వాటికి ఇక్కడ జవాబులు రాస్తుంటాను. ఈసారి నాలుగు ఉత్తరాలు.)

ప్రశ్న: మేం ఆరు కుటుంబాల స్నేహితులం. ఊరికి దూరంగా పన్నెండు ఎకరాలు చూశాం. పక్కనే వాగు పారుతోంది. సోలార్ పెట్టుకుని, మట్టి ఇళ్లు కట్టుకుని, ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలని కోరిక. వచ్చే నెల బయానా ఇవ్వబోతున్నాం. ఎక్కడ మొదలుపెట్టమంటారు అక్కా?

జవాబు: ముందు ఆ బయానా ఆపు తమ్ముడూ.

వాగు ఏ నెలలో చూశారు? ఉత్తరంలో ఆ ఒక్క ముక్క రాయలేదు. వానలు వెళ్లిన కొత్తలో ఏ వాగైనా పారుతుంది. మేం మా నేల చూసిందీ అప్పుడే. చెప్పులు చేత్తో పట్టుకుని దాటాం, పిల్లలు ఒకటే కేరింతలు. అయిదు నెలలు తిరక్కుండానే అదే వాగులో చెప్పులేసుకుని నడిచాం. అడుగు బురద పగిలి పెంకుల్లా లేచి ఉంది.

కాబట్టి ఎండలు ముదిరాక ఇంకోసారి వెళ్లండి. అక్కడ బోరుంటే ఇరవై లీటర్ల బకెట్ పెట్టి, గడియారం పట్టుకుని నిలబడండి. 40 సెకన్లలో నిండితే గంటకు 1,800 లీటర్లన్నమాట. అమ్మేవాళ్లు మొదటి బకెట్ చూపించి మురిపిస్తారు. మోటారు నాలుగు గంటలు ఆగకుండా ఆడాక పట్టిన బకెట్టే అసలు లెక్క.

తాగడానికి, వంటకి, స్నానానికి, ఉతకడానికి కలిపి మనిషికి రోజుకు 50 నుంచి 100 లీటర్లు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీరు ఇరవై నలుగురనుకుందాం. పొదుపుగా 50 వేసుకున్నా రోజుకు 1,200 లీటర్లు, తోట కాకుండా. ఇప్పుడు ఇంటి కప్పు మీద పడే వాన లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 700 మిల్లీమీటర్లు పడితే 70,000 లీటర్లు. దుమ్ము కడిగి వదిలేసే మొదటి జల్లు, చిందిపోయింది, ఆవిరైంది తీసేస్తే చేతికి 56,000 వచ్చిందనుకోండి. మీ అందరికీ నలభై ఆరు రోజులకు సరిపోతుంది. అలాంటి కప్పులు ఆరుంటే 280 రోజులు. వినడానికి బాగానే ఉంది, కాని ఆ నీళ్లు దాచే ట్యాంకు ఎవరి బొమ్మలోనూ ఉండదు. ప్లాన్ గీసుకొచ్చి చూపించే ప్రతివాళ్లకీ ముందు ఊయల, దాని పక్కన పూలమొక్కలు. ట్యాంకు ఎక్కడమ్మా అంటే దిక్కులు చూస్తారు.

ఇక 'ఎవరి మీదా ఆధారపడకుండా' అన్న మాట. ఆ మాట నేనూ అన్నదాన్నే. తీగ తెంపుకున్న రోజు నుంచి కరెంటాఫీసు మనమే, నీళ్ల శాఖ మనమే, మునిసిపాలిటీ మనమే. రాత్రి పదకొండింటికి ట్యాంకు వాల్వు ఊడిపోతే ఫోన్ చేయడానికి ఎవరూ ఉండరు. టార్చి నోట్లో పెట్టుకుని, మోకాలిలోతు బురదలో నేనే పానా తిప్పాను. పక్కింటాయన గొడుగు పట్టాడు. గొడుగెందుకో ఇప్పటికీ తెలీదు, అప్పటికే ఇద్దరం తడిసి ముద్దయ్యాం.

డబ్బు సంగతీ అంతే. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ట్విన్ ఓక్స్ అనే సమష్టి పల్లె 1967 నుంచి నడుస్తోంది. వాళ్లు ఉయ్యాల వలలు అల్లి, టోఫూ చేసి బయట అమ్ముకుంటూ వచ్చారు. కొలంబియాలో పావోలో లుగారి 1971లో మొదలుపెట్టిన గావియోతాస్ అనే పల్లె ఉన్న చోటు అప్పట్లో చెట్టూ చేమా లేని గడ్డి మైదానం. అక్కడ పైన్ చెట్లు నాటారు, వాటి జిగురు అమ్మారు. ఆ నీడలో నాటని చెట్లు కూడా వాటంతటవే మొలిచాయి. పుదుచ్చేరి దగ్గర 1968లో మొదలైన ఆరోవిల్ అనే సమష్టి ఊళ్లో తొలి ఏళ్ల చాకిరీలో చాలా భాగం కోసుకుపోయిన ఎర్రనేలకి గట్లు వేసి వాన నీరు ఆపడానికి, మొక్కలు నాటడానికే సరిపోయింది. ఇన్నేళ్లు నిలిచిన ఈ చోట్లలో నేలకి నీరు పట్టించడమో, బయట అమ్మే సరుకొకటి చూసుకోవడమో, రెండూనో కనిపిస్తాయి. మీ ఆరు కుటుంబాలూ ఏం అమ్ముతారు? ఉద్యోగాలు వదలకముందే ఆ మాట తేల్చుకోండి.

ప్రశ్న: ఇంటికి సోలార్ పెట్టి రెండేళ్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు. ఏడు యూనిట్లు నిలవ ఉంటుందన్నారు. మేం రాత్రికి ఐదు యూనిట్లకు మించి వాడలేదు. అయినా బ్యాటరీలు చచ్చిపోయాయి. మోసపోయామా మేడమ్?

జవాబు: మోసం కాదు, సగం నిజం. నాలుగూ కలిపి 7.2 యూనిట్లు, లెక్క సరైనదే. కాని లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగం వరకే వాడుకోవాలి. అంటే మీ చేతిలో ఉన్నది మూడున్నర. మీరు రోజూ ఐదు తోడేశారు. రోజూ అంత లోతుకి తోడితే ఏ కంపెనీ బ్యాటరీ అయినా త్వరగా పోతుంది. డిస్టిల్డ్ వాటర్ చివరిసారి ఎప్పుడు పోశారో కూడా గుర్తు చేసుకోండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే ఎనభై, తొంభై శాతం దాకా వాడుకోవచ్చు. సున్నా డిగ్రీల కంటే చలి ఉన్నప్పుడు మాత్రం దాన్ని చార్జి చేయకూడదు.

అయితే కొత్తవి కొనకముందు ఆ ఐదు యూనిట్లు ఎటు పోతున్నాయో చూడండి. నా అనుమానం గీజరు మీద. వెయ్యి లీటర్ల నీటిని ముప్పై మీటర్లు పైకి ఎత్తడానికి, పంపు నష్టాలు కలుపుకున్నా, సుమారు 0.2 యూనిట్లు చాలు. అదే పదిహేను లీటర్ల బకెట్ నీళ్లని ముప్పై డిగ్రీలు వేడి చేయాలంటే అర యూనిట్ పైనే. ట్యాంకు నింపడం కంటే ఒక్క స్నానానికి ఎక్కువ! ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు తప్పేమోనని మూడుసార్లు చూసుకున్నాను. వేడి పుట్టించే పని ఏదీ బ్యాటరీ మీద పెట్టొద్దు. నీళ్లు ఎండతోనో, పొయ్యి మీదో కాగాలి. పంపు బ్యాటరీతో సంబంధం లేకుండా పగలే ప్యానెల్ మీద నేరుగా ఆడాలి. ఎత్తు మీదున్న నిండు ట్యాంకుని మించిన బ్యాటరీ లేదు, దానికి డిస్టిల్డ్ వాటర్ కూడా పోయక్కర్లేదు.

ప్రశ్న: నీళ్లు లేకుండా ఎరువు తయారయ్యే మరుగుదొడ్డి కట్టాం. వాసనకి మా అత్తగారు లోపల అడుగు పెట్టనంటున్నారు.

జవాబు: అత్తగారిదే న్యాయం. వాసన వస్తోందంటే లోపల తడి ఎక్కువైందని. మూత్రం విడిగా పోయే ఏర్పాటు ఉందా? లేకపోతే సగం సమస్య అదే. రెండోది, పొట్టు. వెళ్లిన ప్రతిసారీ పొడి రంపపు పొట్టు గానీ ఎండాకు పొడి గానీ కిందది కనబడనంతగా కప్పాలి. చాలామంది దేవుడికి అక్షింతలు వేసినట్టు నాలుగు గింజలు చల్లి వచ్చేస్తారు. మా దొడ్డిలో పెద్ద మగ్గు పెట్టి, నిండా ఒక మగ్గు అని గోడ మీద రాశాం. దొడ్డి కింది గది నిండాక మూసేసి, కనీసం ఏడాది ముట్టుకోకండి. తీసిన ఎరువు కూడా ఆకుకూరలకి కాదు, చెట్లకి వేయండి. గోతి రకమైతే తాగునీటి బావికి 30 మీటర్ల దూరం ఉండాలి, గోతి అడుగుకీ భూగర్భ నీటి మట్టానికీ కనీసం మీటరున్నర ఎడం ఉండాలి.

నిజానికి మాకు వాసన వచ్చిన వారాలన్నీ పొట్టు డబ్బా ఖాళీగా ఉన్న వారాలే. తెచ్చే వంతు ఎవరిదో ఎవరికీ గుర్తుండేది కాదు. ఇప్పుడు తలుపు లోపలివైపు పేర్లు రాసి ఉన్నాయి. కూర్చున్నప్పుడు ఎదురుగా కనబడేది అదే.

ప్రశ్న: నలుగురం కలిసి స్థలం కొంటున్నాం. ప్రస్తుతానికి ఒకరి పేరు మీద రాయించుకుని, తర్వాత చూసుకుందాం అంటున్నారు. రాతకోతలు అడిగితే నమ్మకం లేదనుకుంటారని మొహమాటంగా ఉంది.

జవాబు: మొహమాటం ఎంత ఖరీదో మాకు తెలుసు. నాలుగో ఏడు మాతో ఉన్న ఒక జంట వెళ్లిపోతామన్నారు. గొడవేం లేదు, అమ్మానాన్నలకి బాగోలేదు. ఉమ్మడి నేల మీద వాళ్ల డబ్బుతో కట్టుకున్న ఇల్లు అది. ఎంత ఇవ్వాలి? ఎప్పటిలోగా? ఏ కాగితం మీదా లేదు. మొదటి వారం ఎంతైనా పర్లేదు అనుకున్న మనుషులం మూడో నెలకి తలుపు చట్రాలు ఎన్నో లెక్కపెట్టుకున్నాం. వాళ్ల కిటికీకి నేను పూసిన సున్నం కూడా నా నోట్లోంచి వచ్చింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేల ఒకరి పేరు మీద ఉంటే ఆ ఒక్కరి అప్పు, విడాకులు, చావు అన్నీ మీ నలుగురివీ అవుతాయి. సంఘమో, ట్రస్టో, సహకార సంఘమో, మీ దగ్గర చట్టం దేనికి ఒప్పుకుంటుందో లాయరుని అడిగి దాని పేరు మీద కొనండి. వెళ్లిపోయేవాళ్లకి కట్టుబడి ఖర్చులో ఏడాదికి ఎంత తరుగు తీసి, ఎన్ని వాయిదాల్లో ఇస్తారో రాసుకోండి. వారసులు ఉండటానికి రాకపోతే ఏం చేయాలో కూడా.

అడగడానికి నోరు రాకపోతే ఇలా చేయండి. నలుగురూ నాలుగు కాగితాలు తీసుకుని, 'నేను మూడేళ్లకి వెళ్లిపోతే నాకు రావాల్సింది ఇంత' అని ఎవరికి వారు రాసి మడిచి పెట్టండి. ఒకేసారి విప్పండి. మొదటి ఉత్తరం రాసిన తమ్ముడు కూడా బయానా ఇచ్చేలోగా ఆరు కాగితాలు కొనుక్కోవాలి. మేం వెళ్లినవాళ్లకి చివరి వాయిదా ఇచ్చేసరికి రెండేళ్లు పట్టింది.