కుక్కర్ పేలిన విషయమై రావులపాలెం సోదరిగారికి సమాధానం

ఆన్‌లైన్‌లో "ఎన్నటికీ పేలదు" అన్న ప్రకటన చూసి కొన్న కుక్కర్ పప్పు ఉడుకుతుండగా పేలి మీ అత్తగారి చేయి కాలిందనీ, దాన్ని తిరిగి పంపితేనే డబ్బు ఇస్తామని, వివాదమైతే ఢిల్లీకి రావాలని అమ్మకందారు అంటున్నాడనీ రాశారు. ముందుగా ఒక మాట: కుక్కర్‌ను పంపకండి, బాగు చేయించకండి. వస్తువును మీరే పాడుచేశారని రేపు వాదిస్తే, దానికి జవాబు చెప్పే సాక్ష్యం అదొక్కటే.

ఢిల్లీ మాట చెల్లదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, రెండేళ్లలోపు, ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు కనుక రుసుము కూడా ఉండదు. అయితే ఒక మెలిక ఉంది: ఆ చట్టంలోని ఉత్పత్తి బాధ్యత (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పూచీ) అధ్యాయం కింద గాయానికి, వైద్యపు ఖర్చుకు, మానసిక వేదనకు పరిహారం వస్తుందే గాని కుక్కర్ ఖరీదు రాదు, ఆ ఖరీదును లోపభూయిష్టమైన వస్తువు కింద అదే ఫిర్యాదులో విడిగా కోరాలి. తయారీదారు స్పష్టంగా ఇచ్చిన హామీని నిలుపుకోకపోతే, తన నిర్లక్ష్యం లేదని నిరూపించుకున్నా బాధ్యత తప్పదు కాబట్టి, ఆ ప్రకటనను వాళ్లు తొలగించకముందే తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి.

కుక్కర్‌పై ఐఎస్ఐ గుర్తు, లైసెన్సు సంఖ్య ఉన్నాయేమో భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడండి. గుర్తు లేకుండా అమ్మడమే నేరం. తప్పుదోవ పట్టించే ప్రకటనపై జిల్లా కలెక్టరు ద్వారా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు రాయవచ్చు. అది 10 లక్షల వరకు జరిమానా వేయగలదు, కానీ అందులో మీకు పైసా రాదు.