కిరణ్‌కి, బీపీ గురించి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి కిరణ్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

ఆఫీసు చెకప్‌లో నీకు బీపీ 148/96 వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. 33 ఏళ్ళకే ఇదేమిటని తనకి టెన్షన్. నువ్వు మాత్రం "అమ్మమ్మకి ఉంది, అమ్మకి ఉంది, మావయ్యకి ఉంది, నాకు రాక తప్పుతుందా? ఏం తింటే ఏం, మానితే ఏం" అన్నావట. మీ అమ్మకి నాలుగు మాటలు చెప్పి ఊరుకోబెట్టాను. నీ మాటకి జవాబు ఫోన్లో తేలేది కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. రిటైరయ్యేదాకా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినదాన్ని, పైగా నేనూ పొద్దున్నే బీపీ మాత్ర వేసుకునేదాన్నే. ఓపిగ్గా చదువు.

ముందు అది నిజంగా బీపీయేనా అని తేల్చుకో. ఆఫీసు హడావుడిలో, క్యూలో నిలబడి వచ్చి, కబుర్లు చెబుతూ చూపించుకున్న ఒక్క రీడింగుతో ఎవరూ ఏమీ తేల్చలేరు. ఇంటికో మిషన్ కొను. మణికట్టుది వద్దు, జబ్బకి కట్టేది తీసుకో, పట్టీ నీ చేతికి సరిపోయే సైజులో ఉండాలి. ఒక వారం పాటు పొద్దున, సాయంత్రం చూసుకో. అంతకు ముందు అరగంట కాఫీ వద్దు, బాత్రూముకి వెళ్ళి రా, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి అయిదు నిమిషాలు ఊరికే కూర్చో. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మాట్లాడకు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకో. మొదటి రోజువి వదిలేసి మిగతా అంకెల సగటు తియ్యి. డాక్టరు దగ్గర చూస్తే 140/90 హద్దు, ఇంట్లో చూసుకుంటే 135/85. సగటులో పైదిగానీ కిందిదిగానీ ఆ హద్దుకి చేరితే వాదన వద్దు, డాక్టరు దగ్గరకి నడు.

ఇక వంశం సంగతి. నువ్వన్న దాంట్లో నిజం లేకపోలేదు. జనంలో మనిషికీ మనిషికీ బీపీలో కనిపించే తేడాల్లో దాదాపు మూడో వంతు నుంచి సగం దాకా జన్యువుల వల్లే అని కవలల మీద, కుటుంబాల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అంటే నీ బీపీలో సగం తాతముత్తాతలు రాసి పంపారని కాదు. పైగా 'బీపీ జన్యువు' అని ఒకటి లేదు. 2018లో పది లక్షలకి పైగా మనుషుల డీఎన్ఏ చూసి, అంతకు ముందు తెలిసినవాటితో కలిపి బీపీతో సంబంధం ఉన్న చోట్లు 901 అని తేల్చారు. ఒక్కో చోటు తేడా వల్ల బీపీ మారేది మహా అయితే ఒక పాయింటు, చాలావాటితో అంత కూడా కాదు. అన్నీ కలిస్తేనే లెక్కలోకి వస్తాయి.

ఒక్క జన్యువు పాడైతేనే బీపీ ఎగబాకే జబ్బులు లేకపోలేదు. లిడిల్ సిండ్రోమ్ అని ఉంది, 1963లో వర్ణించారు. దాంట్లో కిడ్నీ ఉప్పుని బయటికి వదలదు, చిన్న వయసులోనే బీపీ పెరుగుతుంది, రక్తంలో పొటాషియం పడిపోతుంది. చాలా అరుదు. అయినా నీ వయసుకి డాక్టరు కిడ్నీ పరీక్షలు, సోడియం, పొటాషియం రాస్తే ఖర్చు దండగ అనుకోకు. ఇలాంటివీ, కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథి గొడవలూ ఉన్నాయేమో చూడ్డానికే రాస్తారు.

క్లాసులో నాకు బాగా ఇష్టమైన పాఠం ఎలుకలది. అమెరికాలో లూయిస్ డాల్ అనే డాక్టరు ఉప్పు బాగా కలిపిన మేతని ఎలుకలకి పెట్టాడు. కొన్నిటికి బీపీ ఆకాశానికెక్కింది, కొన్నిటికి ఏమీ కాలేదు. ఎక్కినవాటిని ఎక్కినవాటితో, ఎక్కనివాటిని ఎక్కనివాటితో జత కట్టించుకుంటూ పోతే కొద్ది తరాల్లోనే రెండు జాతులు తేలాయి. 1962లో ఆ సంగతి ప్రచురించాడు. ఒకే మేత, ఒకే పంజరం, ఒకదానికి ప్రాణం మీదకొస్తుంది, ఇంకోటి హాయిగా తిరుగుతుంది. ఇంతవరకూ వింటే నువ్వు చెప్పినట్టే ఉంటుంది. కానీ ఉప్పు తక్కువున్న మేత పెడితే ఆ మొదటి జాతి ఎలుకల్లో కూడా బీపీ అంతగా పెరగలేదు. జన్యువు ఉన్నా దాని ప్రతాపం చూపించడానికి ఉప్పు కావాల్సి వచ్చింది. తరవాత డాల్ బృందం కిడ్నీలని ఒక జాతి నుంచి ఇంకో జాతికి మార్చి చూసింది. బీపీ కిడ్నీ వెంట వెళ్ళింది! కిడ్నీ ఇచ్చిన ఎలుక ఎలాంటిదైతే, పుచ్చుకున్నదాని బీపీ అటు తిరిగింది.

మనుషుల్లోనూ కథ చాలావరకు కిడ్నీ దగ్గరే నడుస్తుంది. తిన్న ఉప్పుని బయటికి పంపే పని దానిది. కొందరి కిడ్నీలు మామూలు ఒత్తిడితోనే ఆ పని చేసేస్తాయి. కొందరివి రక్తపు ఒత్తిడి పెరిగితే తప్ప చెయ్యవు. నీకు వంశం నుంచి వచ్చిందేమైనా ఉంటే అది ఈ మొండితనం. ఎంత ఉప్పు దాని మీద వేస్తావన్నది నీ కంచంలో తేలుతుంది.

ఇంకో మాట. మన ఇంట్లో తరతరాలుగా వస్తున్నది జన్యువులొక్కటేనా? మీ మావయ్యకి బీపీ వచ్చింది సరే, మీ అత్తయ్యకి ఎందుకొచ్చింది? ఆవిడకి మన జన్యువులెక్కడివి? పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ మన వంటింట్లోదే తింది. ముద్దపప్పులోకి ఆవకాయ, చారులోకి అప్పడం, పెరుగన్నంలో మళ్ళీ ఉప్పు, నంజుకోడానికి ఊరమిరపకాయలు. కాబట్టి ఇంట్లో అందరికీ ఉందంటే రక్తసంబంధమే కారణమని తీర్పు చెప్పకు.

దీన్ని మన దేశంలోనే చక్కగా పరీక్షించారు. 2005-07 ప్రాంతంలో లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు ఫ్యాక్టరీల్లో పల్లె నుంచి వచ్చి పనిచేస్తున్నవాళ్ళనీ, ఊళ్ళోనే ఉండిపోయిన వాళ్ళ అన్నదమ్ముల్నీ అక్కచెల్లెళ్ళనీ పక్కపక్కన పెట్టి చూశారు. తల్లిదండ్రులు ఒకరే, బతుకులు వేరు. మగవాళ్ళలో ఊళ్ళో ఉన్నవాళ్ళకి అధిక బరువు నూటికి 19 మందిలో ఉంటే, పట్నం వచ్చినవాళ్ళలో 38 మందిలో ఉంది. షుగర్ 6 నుంచి 14కి ఎగబాకింది. బీపీలో తేడా అంత కొట్టొచ్చినట్టు లేకపోయినా మొగ్గు అటే. తెనాలి నుంచి గచ్చిబౌలి వెళ్ళిన నువ్వు ఈ లెక్కలో ఏ వరసలో ఉన్నావో నేను చెప్పక్కర్లేదు.

"జన్యువులు బాగాలేనివాళ్ళకి తిండి జాగ్రత్తలు పనిచేస్తాయా?" అని అడుగుతావు. బ్రిటన్‌లో రెండు లక్షల 77 వేల మంది మీద దీన్నే చూశారు. జన్యువుల ప్రకారం ముప్పు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు గుంపులు చేస్తే, మూడింట్లోనూ మంచి అలవాట్లున్నవాళ్ళకి బీపీ పై అంకె, చెడ్డ అలవాట్లవాళ్ళ కన్నా దగ్గర దగ్గర 4 పాయింట్లు తక్కువ. ఎక్కువ ముప్పున్న గుంపుకి కూడా ఆ లాభం దక్కింది. నాలుగేనా అని తీసిపారెయ్యకు. అది అన్నిరకాలవాళ్ళనీ కలిపిన సగటు. ఇప్పటికే బీపీ ఉన్నవాళ్ళకి ఫలితం పెద్దది. అమెరికాలో డ్యాష్ అనే భోజన పద్ధతిని పరీక్షించి 1997లో ఫలితాలు ప్రచురించారు. కూరగాయలు, పళ్ళు బాగా పెంచి, వెన్న తీసిన పాలూ పెరుగూ పెట్టారు. ఉప్పు తగ్గించలేదు, బరువు తగ్గనివ్వలేదు. అయినా బీపీ ఉన్నవాళ్ళలో ఎనిమిది వారాల్లో పై అంకె 11 పాయింట్లు దిగింది. ఒక మాత్ర చేసే పనికి దాదాపు సమానం.

ఇక వంటింట్లోకి పద. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటుంది, మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ అదే. మన దేశంలో జనం తినేది దాదాపు దానికి రెట్టింపు. ఎంత తింటున్నావో తెలుసుకోడానికి సులువైన లెక్క చెప్తాను. మనిషికి రోజుకి 5 గ్రాములంటే నెలకి 150. నువ్వూ స్వప్నా కలిపి 300. కిలో ప్యాకెట్టు మీ ఇద్దరికీ మూడు నెలలు దాటి రావాలి. విప్పిన తారీఖు ప్యాకెట్టు మీద పెన్నుతో రాయి. నెలన్నరకే అయిపోయిందంటే సంగతి తెలిసిపోతుంది. పచ్చళ్ళు, బిర్యానీలు, చిప్సు ఆ లెక్కలోకి రావని గుర్తుంచుకో. ప్యాకెట్ల మీద సోడియం అని మిల్లీగ్రాముల్లో వేస్తారు, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు. 2000 సోడియం చేరిందంటే ఆ రోజు కోటా అయిపోయినట్టే.

ఆవకాయ మానెయ్యమని నేను చెప్పను, చెప్పినా నువ్వు వినవు. రోజూ రెండు పూటలా కాకుండా ఆదివారానికి పెట్టుకో. మజ్జిగలో, పెరుగన్నంలో పైన వేసుకునే ఉప్పు ఈ రోజే మానెయ్యి. కూరలో తగ్గించిన చోట నిమ్మరసం, చింతపండు, అల్లం, కరివేపాకు పెంచితే నాలుక అంత గొడవ చెయ్యదు. మొదట్లో చప్పగా ఉంటుంది, కొన్ని వారాలు ఓర్చుకుంటే పాత రుచే ఉప్పు కషాయంలా తోస్తుంది. అప్పడంలో ఉప్పుతో పాటు క్షారం కూడా ఉంటుంది, అదీ సోడియమే. గ్యాస్ అని నీళ్ళలో కలుపుకు తాగే పొడుల్లో ఉండేదీ అదే. సైంధవ లవణం, గులాబీ ఉప్పు అని అమ్మేవాటికి మోసపోకు. అన్నీ సోడియం క్లోరైడే, పైగా చాలావాటిలో అయోడిన్ ఉండదు.

తీసెయ్యడం కన్నా చేర్చడం ముఖ్యం అని నా అభిప్రాయం. తోటకూర, పాలకూర, బచ్చలి, పప్పులు, అరటిపండు, బత్తాయి, పెరుగు. వీటిలోని పొటాషియం, కిడ్నీ చేత ఉప్పుని బయటికి పంపిస్తుంది. కంచంలో అన్నం కొండలా, కూర మూలకి చెంచాడు పెట్టుకునే మన అలవాటు తిరగబడాలి. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు కూడా దొరుకుతోంది. చైనాలో 600 ఊళ్ళలో, పక్షవాతం వచ్చినవాళ్ళకీ, బీపీ ఉన్న పెద్దవాళ్ళకీ అలాంటి ఉప్పు ఇస్తే పక్షవాతాలు 14 శాతం తగ్గాయని 2021లో తేలింది. అయితే కిడ్నీ జబ్బున్నవాళ్ళకి, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి దానితో ప్రమాదం ఉంటుంది. నీ రక్తపరీక్ష చూసి డాక్టరు సరేనంటేనే కొను. మీ అమ్మకి మాత్రం అడక్కుండా పెట్టకు.

బరువు సంగతి నీకు తెలుసు, ఎక్కువ చెప్పను. కిలో తగ్గితే ఒక పాయింటు దిగుతుందని ఒక మోటు లెక్క. శనివారం పార్టీల్లో తాగేది కూడా బీపీ ఖాతాలోకే వస్తుంది.

గొంతు కోసం రోజూ అతిమధురం కషాయం తాగుతున్నావని స్వప్న చెప్పింది. అది వెంటనే ఆపు. మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను ఉంటుంది. అది కిడ్నీ మీద పనిచేసి ఉప్పుని పట్టి ఉంచకుండా, అక్కడ ఒక ఎంజైము దాన్ని ఎప్పటికప్పుడు మార్చేస్తుంది. అతిమధురంలోని పదార్థం ఆ ఎంజైముని పనిచెయ్యనివ్వదు. దాంతో బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. ఆ ఎంజైము తయారుచేసే జన్యువే పాడై పుట్టే పిల్లలు కూడా ఎక్కడో అరుదుగా ఉంటారు, వాళ్ళకీ అచ్చం ఇవే లక్షణాలు. ఒకే చోట జన్యువు చేసే చెడ్డపని తిండి కూడా చెయ్యగలదని విద్యార్థులకి ఇదే ఉదాహరణ చెప్పేదాన్ని. తలనొప్పికీ నడుంనొప్పికీ నువ్వే కొనుక్కునే నొప్పి మాత్రల్లో కూడా బీపీ పెంచేవి ఉన్నాయి, డాక్టరుకి చెప్పు.

ఉమ్మి పంపితే జన్యు పరీక్ష చేస్తామనే కంపెనీల జోలికి పోకు. బీపీకి వాళ్ళు వేసే మార్కులు ఎక్కువగా యూరప్ మూలాలవాళ్ళ డేటా మీద కట్టినవి, మనవాళ్ళకి అంత బాగా అతకవు. మార్కు ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా చెయ్యాల్సిన పనులు మారవు. ఆ డబ్బుతో బీపీ మిషన్ వస్తుంది. దాని బదులు ఒక కాగితం మీద మన కుటుంబం రాయి. ఎవరికి బీపీ, ఏ వయసులో తెలిసింది, పక్షవాతం గానీ గుండెపోటు గానీ కిడ్నీ జబ్బు గానీ వచ్చిందా, ఎప్పుడు. మన వైపు నేను రాసిస్తాను. మీ అమ్మమ్మకి 58 ఏళ్ళకి పక్షవాతం వచ్చింది, అప్పటికి చాలా ఏళ్ళుగా మాత్ర సరిగ్గా వేసుకోలేదు.

మాత్ర మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. డాక్టరు రాస్తే వేసుకో. "మొదలుపెడితే జీవితాంతం" అని భయపడి మూలన పెట్టేవాళ్ళని చాలామందిని చూశాను. ఉప్పు తగ్గించినా, బరువు దిగినా కొందరి కిడ్నీల మొండితనానికి మాత్ర తోడు కావాల్సిందే, నాకు కావాల్సి వచ్చింది. తిండి మార్చుకున్నవాళ్ళకి తక్కువ మోతాదు సరిపోవచ్చు, తరవాత డాక్టరే తగ్గించనూ వచ్చు. నీ అంతట నువ్వు మాత్రం ఆపకు.

ఈ వారం రీడింగులు పూర్తయ్యాక ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు. మీ నాన్న వైపు తాతయ్య నిద్రలోనే పోయారని అంటారు గానీ అప్పటికి ఆయన వయసెంతో, బీపీ ఎవరైనా చూశారో లేదో నాకు తెలీదు. మీ నాన్నని కూర్చోబెట్టి అడిగి రాయి, డాక్టరు మొదట అడిగేది అదే.

ఇట్లు,
మీ పెద్దమ్మ
తెనాలి