పొరుగు రౌటర్ గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి, ఆశీస్సులు.

నెట్‌వర్కుల మధ్య రౌటర్లు మార్గాల సమాచారం పంచుకునే పద్ధతి అయిన బీజీపీలో, పొరుగు అమరికలపై నీవు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆదేశాలన్నీ సరిగానే ఉన్నాయి. కానీ అవతలి రౌటర్ నీ వ్యాసంలో ఎక్కడా నోరు విప్పలేదు. ఒకే నెట్‌వర్క్ లోపల మార్గాలు పంచుకునే ఓఎస్‌పీఎఫ్‌లో పొరుగు రౌటర్లు హలో సందేశాలతో తమంతట తామే ఒకదాన్నొకటి గుర్తించగలవు. బీజీపీలో మాత్రం ఇటు చిరునామా, ఏఎస్ (ఒకే నిర్వహణ కింద ఉన్న నెట్‌వర్క్) సంఖ్య అటూ, అటువి ఇటూ నమోదు చేస్తేనే సాధారణంగా 179వ టీసీపీ పోర్టు మీద మాట కలుస్తుంది. కనుక ఏ అమరికను వివరించినా, దానికి జోడీగా అవతల ఏమి ఉండాలో అదే పేరాలో చెప్పు.

ఒకే ఏఎస్‌లోని రెండు రౌటర్లను లూప్‌బ్యాక్ చిరునామాలతో (ఏ ఒక్క తీగకూ కట్టుబడని, రౌటర్ లోపలి చిరునామాలతో) కలపడాన్ని నీవు ఒక్క వాక్యంలో ముగించావు. పాఠకుడు తడబడేది అక్కడే. ఏ చిరునామాతో మాట్లాడాలో రౌటర్‌కు చెప్పే అప్‌డేట్-సోర్స్ ఆదేశాన్ని రెండు వైపులా మరిచిపోతే, ప్యాకెట్ తాను బయలుదేరిన ఇంటర్‌ఫేస్ చిరునామాతో అవతలికి చేరుతుంది. అక్కడ పొరుగుగా నమోదైనది లూప్‌బ్యాక్ చిరునామా కనుక ఆ కనెక్షన్ తిరస్కరణకు గురవుతుంది. అప్పుడు తరచుగా కనిపించే స్థితి 'యాక్టివ్'. దాన్ని నీవు 'చురుకుగా ఉంది' అని తెలుగు చేశావు. దయచేసి మార్చు. కనెక్షన్ ఇంకా కుదరలేదని ఆ మాటకు అర్థం. కుదిరిందని చెప్పేది 'ఎస్టాబ్లిష్డ్' ఒక్కటే. తొలిరోజుల్లో నేనూ ఆ పదాన్ని నమ్మి, ఒక రాత్రంతా రూటింగ్ పట్టికలో లేని తప్పు కోసం వెతికాను.

అవతలి నుంచి మాట రాకున్నా కనెక్షన్‌ను నిలిపి ఉంచే గడువు, అంటే హోల్డ్ టైమ్‌ను, రెండు వైపులా ఒకేలా పెట్టాలన్నావు; అవసరం లేదు. ఒకవైపు 180 సెకన్లు, మరోవైపు 90 ఉంటే తక్కువదే అమలవుతుంది. సంకేతపదం మాత్రం అక్షరం తేడా లేకుండా కలవాలి.

ఉదాహరణలకు ఇతరుల ఏఎస్ సంఖ్యలు వాడకు. రచనల కోసమే 64496 నుంచి 64511 వరకు సంఖ్యలనూ, 192.0.2.0/24 వంటి చిరునామాలనూ కేటాయించి ఉంచారు.

చివరగా, ఏ మార్గాలు పంపాలో, ఏవి తీసుకోవాలో నిర్ణయించే వడపోతల భాగాన్ని వ్యాసం అడుగు నుంచి పైకి తీసుకురా. వడపోత విధానం రాయని బయటి పొరుగుతో మార్గాలు ఇచ్చిపుచ్చుకోరాదని 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8212 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెబుతున్నా, అన్ని రౌటర్లూ దాన్ని పాటించవు. పాఠకుడు చదివిన వరుసలోనే ఆదేశాలు టైపు చేస్తాడు. వడపోతకు ముందే సెషన్ లేస్తే, తన పట్టికలోని మార్గాలన్నీ ఆ క్షణంలోనే అవతలికి వెళ్లిపోవచ్చు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి