ఫిల్మ్ స్కూల్ ఇచ్చే కెమెరా కోసం ఫీజు కట్టొచ్చా?

నల్లగొండలో డిగ్రీ అయిపోయింది, ఫీజులోనే కెమెరా కిట్ కూడా ఇస్తామంటున్న ప్రైవేటు ఫిల్మ్ స్కూల్‌లో చేరాలా అని అడిగారు. కెమెరా కోసమే అయితే చేరకండి తమ్ముడూ. కెమెరాలు హైదరాబాద్ కృష్ణానగర్ వైపు రోజు కిరాయికి దొరుకుతాయి, మీకు వంద కిలోమీటర్లే కదా.

స్కూల్‌లో అసలు విలువ లైట్లు, సౌండ్, తప్పు చూపించే గురువు, రేపు పనికి పిలిచే తోటివాళ్లు. కెమెరా మీ చేతికి వారానికి ఎన్ని గంటలు వస్తుంది, పాడైతే ఎవరు కట్టాలి, కోర్సయ్యాక కిట్ మీదేనా అని ముందే అడగండి. పాత విద్యార్థులు తీసినవి చూపించమనండి. ఫీజుకు పొలం అమ్మాల్సి వస్తే మాత్రం నేను వద్దనే అంటాను. 1960లో పెట్టిన పుణె ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్) కేంద్ర ప్రభుత్వ సంస్థ, దాని ప్రవేశ పరీక్ష ముందు రాయండి.

ఈలోగా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లి వెలుగునీడలు గమనించండి. ఇంటికొచ్చి ఫోన్ కెమెరాను మాన్యువల్‌లో, అంటే వెలుతురు మనమే సరిచేసుకునే పద్ధతిలో పెట్టి, సెకనుకు 24 ఫ్రేములతో, వాకిలి నీడలో స్నేహితుణ్ణి తీయండి. ముఖానికి వెలుతురు సరిచేస్తే వెనక ఎండ తెల్లగా పేలిపోతుంది, ఎండకు సరిచేస్తే ముఖం నల్లబడుతుంది. ఎదురుగా తెల్ల థర్మాకోల్ షీటు పట్టి మళ్లీ తీస్తే ముఖం తేటపడుతుంది.