కొమ్ములు రాలిన జింక

ప్రశ్న: ఇంగ్లండులో చదువుతున్న మా అబ్బాయి సెలవు రోజుల్లో ఒక చిన్న జంతు సంరక్షణ కేంద్రంలో సాయం చేస్తున్నాడు. అక్కడి మగ ఫాలో జింకకు (ఫాలో అనేది ఐరోపాలో కనిపించే ఒక జింక జాతి) ఏప్రిల్‌లో రెండు కొమ్ములూ రాలిపోయాయట. ఇది జబ్బా?
– ఒక తల్లి, ఉదయగిరి, నెల్లూరు జిల్లా

జవాబు: జబ్బు కాదమ్మా. మీ వైపు మేకలకు, గొర్రెలకు కొమ్ములు జీవితాంతం నిలుస్తాయి కనుక ఈ అనుమానం సహజమే గాని, జింక కొమ్ము పూర్తిగా ఎముక. అది ఏటా రాలి మళ్లీ మొలుస్తుంది. ఫాలో జింకలకు వసంతంలో రాలిన కొమ్ములు ఆగస్టు, సెప్టెంబరు నాటికి పూర్తిగా పెరుగుతాయి. అంతవరకు వాటిని కప్పి ఉండే నూగు చర్మం నిండా రక్తనాళాలే కాబట్టి, ఆ నెలల్లో జింకను తరమకూడదు, అవసరం లేకుండా పట్టుకోకూడదు. పచ్చిక, ఎండుగడ్డి ప్రధానాహారంగా ఉండాలి. ప్రేమకొద్దీ రొట్టెలు, గింజలు ఎక్కువగా పెడితే నెమరువేసే కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణానికే ముప్పు వస్తుంది.

అక్టోబరు ఎదకాలం. చేత్తో పాలు పట్టి పెంచిన మగజింక అయినా అప్పుడు మనిషి మీదికి రావచ్చు. నిజానికి మనుషులంటే బెదురు లేని అలాంటిదే ఎక్కువ ప్రమాదకరం. ఒంటరిగా ఆవరణలోకి వెళ్లవద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి.