బుక్‌మార్క్ సగం దాటింది, నువ్వింకా ఐదో చాప్టర్‌లోనే ఉన్నావు

ప్రశ్న: నాకు పదహారేళ్లు. సెలవుల్లో చదవమని స్కూల్లో డికెన్స్ రాసిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ ఇచ్చారు. ఐదు చాప్టర్లకే నీరసం వచ్చేసింది, ఒక్కో పేరా మూడుసార్లు చదివినా బుర్రకెక్కట్లేదు. నాన్న రోజూ రాత్రి ఎంతవరకు వచ్చానో తీసి చూస్తారు, అందుకని రోజుకి పది పేజీల చొప్పున బుక్‌మార్క్ నేనే ముందుకి జరుపుతున్నా. అదిప్పుడు సగం దాటింది. 24 రోజులే మిగిలాయి, స్కూల్ తెరిచిన వారంలోనే దీనిమీద వ్యాసం రాయాలి. మా అక్క ఇది పదమూడేళ్లకే చదివేసిందట. నేను మొద్దునా?

జవాబు: మొద్దువి కాదు తల్లీ, మొద్దులకి పది పేజీలైతే నమ్ముతారు, నలభై జరిపితే దొరికిపోతాం అన్న లెక్క తట్టదు.

సరే, నువ్వు చదివిన ఆ ఐదింటిలోనే రెండో చాప్టర్ గుర్తు చేసుకో. పారిపోయొచ్చిన ఖైదీకి ఇవ్వడానికి కథలోని కుర్రాడు పిప్ తన బ్రెడ్ ముక్కని ప్యాంటు కాలులోకి జార్చేస్తాడు, ఇంట్లోవాళ్లేమో వీడు నమలకుండా గుటుక్కున మింగేశాడనుకుని మందుగా తారు నీళ్లు తాగిస్తారు, పాపం ఏమీ చెయ్యని వాళ్ల బావ జోకి కూడా కొంచెం పోస్తారు. నువ్వు బుక్‌మార్క్‌తో చేస్తున్నది అచ్చం అదే కదా! మింగకుండానే మింగినట్టు కనిపించడం. నీ ఉత్తరం చదువుతుంటే నాకు నవ్వాగలేదు, ఎందుకంటే ఆరో చాప్టర్ దగ్గర ఆగిపోయావు చూడు, అది ఈ పుస్తకంలో బాగా చిన్న చాప్టర్లలో ఒకటి, అందులో ముఖ్యంగా ఉన్నది జోకి నిజం చెప్పాలా వద్దా, చెప్తే తనమీద నమ్మకం పోతుందేమో అని పిప్ పడే మథనమే. ఇవాళ రాత్రి అదొక్కటి చదువు చాలు.

నాకైతే నీ అసలు బరువు పుస్తకం కాదనిపిస్తోంది. రోజూ రాత్రి నాన్న పుస్తకం తియ్యగానే గుండె దడదడలాడుతుంటే మర్నాడు ఏ పేరా బుర్రకెక్కుతుంది చెప్పు? బుక్‌మార్క్ నువ్వే తీసి ఐదో చాప్టర్ చివర పెట్టి, ‘నాన్నా, నేను నిజంగా ఇక్కడే ఉన్నాను, మిగతాది ఊరికే జరిపాను, సారీ’ అని ఆయన తియ్యకముందే నువ్వే చెప్పెయ్. కోప్పడతారు, ఒక పూట మాట్లాడకపోవచ్చు కూడా. అదే వ్యాసం రోజున బయటపడితే అప్పుడు పుస్తకం గొడవ కాదు, ఇన్నాళ్లూ మోసం చేశావన్న గొడవ అవుతుంది. కోపం తగ్గాక ఇంకో మాట అడుగు, పేజీలు లెక్కపెట్టొద్దు, ఇవాళ కథలో ఏమైందో అడగండి అని. నాన్నలకి ఇది తట్టదు గానీ చెప్తే వింటారు, చాలామంది.

ఇక పుస్తకం సంగతి. ఇది ఒక్క ఊపులో చదవమని రాసింది కాదు, 1860 డిసెంబర్ నుంచి 1861 ఆగస్టు దాకా డికెన్స్ తన సొంత వారపత్రికలో సీరియల్‌గా వేశాడు, అప్పటివాళ్లకి వారానికి ఒకటో రెండో చాప్టర్లు దొరికేవి, తర్వాత ఏమైందో తెలియాలంటే మళ్లీ వారం ఆగాల్సిందే. మొత్తం 59 చాప్టర్లు, వాళ్లకి ఎనిమిది నెలలు పట్టింది, నీకు నెలలోపు అవ్వాలంటే ఊపిరాడకపోవడంలో వింతేముంది. నీకు మిగిలినవి 54, రోజుకి రెండు, వారంలో ఓ రెండు రోజులు మూడేసి చదివితే అయిపోతాయి. రెండూ ఒకేసారి వద్దు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

వాక్యం మరీ పొడుగైతే పైకి చదువు, గొంతులో పడితే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది, అప్పట్లో ఇళ్లలో ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు వినేవాళ్లు కూడా. తెలియని మాట వచ్చిన ప్రతిసారీ డిక్షనరీ తియ్యకు, అదే మాట మూడోసారి వస్తే అప్పుడు చూడు. ఇంకోటి, ఈ కథ చెప్పేది చిన్న పిప్ కాదు, పెద్దయ్యాక తన చిన్నతనాన్ని తలుచుకునే పిప్, అందుకే మధ్యమధ్యలో తనమీద తనే వెటకారం చేసుకుంటుంటాడు, ఇది పట్టుకున్నావంటే సగం చిక్కు విడిపోతుంది. సమ్మరీ వీడియోలు చూడకు అనను, చూడు, కానీ చాప్టర్ చదివాక చూడు. చాప్టర్ అయిపోగానే నీకు చిరాకు పుట్టించినదో నవ్వు తెప్పించినదో ఒక్క లైన్ రాసి పెట్టుకుంటే వ్యాసం రోజున తెల్ల కాగితం చూసి బెదరక్కర్లేదు.

ఏ పుస్తకం తీసినా చిన్నప్పట్నుంచీ అక్షరాలు కదిలినట్టు, లైన్లు కలిసిపోయినట్టు ఉంటే మాత్రం అది వేరే విషయం, అమ్మకి చెప్పి కళ్లు చూపించుకో, టీచర్‌కీ చెప్పు.

అక్క సంగతా? వెళ్లి ఆ బ్రెడ్ ముక్క ఎక్కడ దాచాడో అడుగు, చెప్పగలదేమో చూద్దాం.